ఊడ్పుల నెలలో ఫ్రాన్స్ ప్రయాణం

పేరు, ఊరు వేయవద్దన్నారు ఈ పాఠకుడు. కోనసీమలో ఒక లంక గ్రామం అని మాత్రం చెప్పుకుందాం. ముప్పై ఎనిమిదేళ్ళు. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇంట్లో భార్య, రెండో తరగతి చదివే పాప, అమ్మా నాన్నా. అయిదెకరాల వరి, ఇంటి చుట్టూ నలభై కొబ్బరిచెట్లు. ఉత్తరం ఏడు పేజీలు ఉంది, కుదించి ఇస్తున్నాను.

ఈయనా ఇంకో ముగ్గురూ అమలాపురంలో కలిసి డిగ్రీ చదివారు. అందులో ఒకాయన సైకిల్ షాపు పెట్టుకున్నారు. పదేళ్ళ కిందట మిగిలిన ముగ్గురినీ పొట్టలు పెరుగుతున్నాయని తిట్టి సైకిళ్ళెక్కించింది ఆయనే. రోజూ తెల్లవారుజామున అయిదింటికి కాలువ గట్టు మీద లాకుల దాకా వెళ్ళి రావడం, ఆదివారం అయితే రావులపాలెం దాకానో అంతర్వేది దాకానో. జూలై వచ్చిందంటే రాత్రిళ్ళు షాపు ముందు మంచాలు వేసుకుని టీవీలో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం చూడటం. ఎవరు ఏ జట్టు, ఎవరు ఎవరి కోసం తొక్కుతున్నారు, మొత్తం రేసులో ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ ఎవరిది, చుక్కల జెర్సీ ఎందుకిస్తారు, ఇవన్నీ షాపాయనే విడమరిచి చెప్పేవారట. నలుగురిలో ఒకాయన ఆరేళ్ళ కిందట జర్మనీ వెళ్ళిపోయారు. ఇంకొకాయనది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం.

2026 జూలైలో టూర్ చూడ్డానికి నలుగురూ కలిసి వెళ్ళాలని జర్మనీ స్నేహితుడు పట్టుబట్టారు. ఆల్ప్ డ్యుయెజ్ అనే కొండ మీద ఈసారి జూలై 24, 25 తేదీల్లో వరుసగా రెండు రోజులు స్టేజి, అంటే ఆ రోజు తొక్కుడు, ముగుస్తుంది. 26న పారిస్‌లో రేసు అయిపోతుంది. మూడూ చూసి రావచ్చు, మనిషికి రెండున్నర లక్షలు అవుతుందని ఆయన లెక్క కట్టి పంపారు. మన మాస్టారు "సరే" అనేశారు. అక్కణ్ణుంచి మొదలైంది టెన్షన్.

"చీటీ పాడుకుంటే మూడు లక్షలు వస్తాయి. ఆ డబ్బుతో మేడ మీద గది వేయించాలని మా ఆవిడ ఎప్పటినుంచో అంటోంది. 2022 వరదకి మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. ఆ జూలై 14న ఆల్ప్ డ్యుయెజ్ మీద స్టేజి. ఫోన్లో అది చూస్తూ ఏటిగట్టు మీద నిలబడ్డాను, నాన్న ఇసుక బస్తాలు మోస్తున్నారు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంటుంది. ఫ్రాన్స్ సంగతి మా ఆవిడకి చెప్పాను గానీ, లక్షలోపే అయిపోతుందని చెప్పాను" అని రాశారు.

నాన్నగారు "ఎల్లిరారా, పదిరోజులకి ఏమైపోద్ది" అన్నారట. అని, ఆ రోజు నుంచి ఊడ్పుల మాట కొడుకు దగ్గర ఎత్తడం మానేశారు. అమ్మగారు మాత్రం "మన గట్టు మీద రోజూ తొక్కుతూనే ఉన్నారుగా, వాళ్ళని చూడరాదూ?" అన్నారు.

ఇక సైకిల్ షాపాయన. ఆయన దగ్గర అంత డబ్బు లేదు. జర్మనీ ఆయన "వాడి ఖర్చు నాది" అని నలుగురూ ఉన్న వాట్సాప్ గ్రూపులోనే పెట్టేశారు. కొబ్బరి వ్యాపారి ఇంకో అడుగు ముందుకేసి, వీసా కోసం ఆయన ఖాతాలో నాలుగు లక్షలు వేసి, వీసా వచ్చాక తీసేసుకుందామన్నారు. షాపాయన దేనికీ జవాబివ్వలేదు. మూడు వారాలుగా పొద్దున్నపూట రావడం లేదు. "నా సైకిల్ వెనక బ్రేకు కీచుమంటోంది. వాడి షాపుకి తీసుకెళ్ళడానికి మొహం చెల్లక అలాగే తొక్కుతున్నాను" అంటూ చివర్లో మూడు ప్రశ్నలు అడిగారు. వెళ్ళాలా, వద్దా? స్నేహితుణ్ణి ఎలా ఒప్పించాలి? ఇంట్లో ఎలా చెప్పాలి?

*

మాస్టారూ, ముందు మీ అమ్మగారి ప్రశ్నకి జవాబు చెప్పనివ్వండి. అది వేళాకోళంగా అన్నా, అసలు ప్రశ్న అదే. అంత దూరం వెళ్ళి ఏం చూస్తారు?

నేను చూశాను కాబట్టి చెప్పగలను. మా అబ్బాయి గ్రెనోబుల్‌లో చదువుతున్న రోజుల్లో, 2018 జూలై 19న, ఆ కొండ మీదే ఒక మలుపులో నిలబడ్డాను. నాకు సైకిల్ పందేల గురించి అప్పటికి ఏమీ తెలియదు. పొద్దున్నే నడక మొదలుపెట్టి, ఎండలో ఏడు గంటలు కూర్చున్నాం. రేసుకి సుమారు రెండు గంటల ముందు కంపెనీల ప్రచార బళ్ళు ఊరేగింపుగా వచ్చి టోపీలు, మిఠాయిలు విసురుతాయి. వాటికోసం తలనెరిసినవాళ్ళు కూడా తోసుకుంటారు. తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. అప్పుడు హెలికాప్టర్ చప్పుడు వినిపిస్తుంది. కింద మలుపుల్లోంచి అరుపులు ఒక్కో మెట్టూ పైకి వస్తాయి. పసుపు జెర్సీలో గెరైంట్ థామస్ నా ముందునుంచి వెళ్ళాడు, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో. ఆ రోజు స్టేజి గెలిచింది అతనే. అతని మొహం మీద చెమటా, నోటి పక్క నురగా చూశాను. టీవీలో అవి కనపడవు. ముందువాళ్ళు పోయాక ఎంతోసేపటికి వెనకబడినవాళ్ళ గుంపు వచ్చింది. గెలుపు వాళ్ళకి ఎలాగూ లేదు, టైము దాటిపోతే రేసులోంచి తీసేస్తారని ఆ తొక్కుడు. నాకు ఎక్కువ గుర్తున్నది వాళ్ళే.

చదును రోడ్డు మీద అయితే ఇంత కూడా ఉండదు. గుంపు మొత్తం రెప్పపాటులో పోతుంది, గాలి తగులుతుంది, అంతే. కాబట్టి కొండ మీద చూడాలన్న మీ వాళ్ళ ఆలోచన సరైనదే. రోడ్డు పక్కన నిలబడటానికి టికెట్ లేదన్న మాటా నిజమే. అయితే ఆ ఉచితం వెనక ఖర్చు ఉంది. ఆ రెండు రోజులకి కొండ కింది ఊరు బూర్ దువాజాన్‌లో గది దొరకడం కష్టం. రూటు అక్టోబర్‌లో ప్రకటించగానే జనం బుక్ చేసేసుకుంటారు. కొందరు క్యాంపింగ్ బళ్ళలో రోజుల ముందే వచ్చి మలుపుల్లో దిగిపోతారు. గ్రెనోబుల్ యాభై కిలోమీటర్లు. అక్కడ బస చేస్తే రేసు రోజున రోడ్లు ముందే మూసేస్తారు, కాబట్టి తెల్లవారకముందే బయల్దేరాలి. అయిపోయాక కొండ దిగడం ఇంకో గండం. లక్షలమంది ఒకే రోడ్డు మీద దిగుతారు. మేం గదికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. నేను పట్టుకెళ్ళిన పులిహోర పక్కనున్న డచ్ కుటుంబం తినేసింది, వాళ్ళు ఇచ్చిన జున్నుతో నేను సర్దుకున్నాను.

రేసు రోజు పొద్దున్న అద్దె సైకిళ్ళ మీద మీరే ఆ కొండ ఎక్కాలని కూడా రాశారు. ఇరవయ్యొక్క మలుపులు, 13.8 కిలోమీటర్లు, సగటున నూటికి ఎనిమిది మీటర్ల ఎక్కుడు, మొత్తం సుమారు 1,100 మీటర్లు. మీ సీమలో ఎత్తు అంటే లాకుల దగ్గర వంతెనే కదండీ! పదేళ్ళు చదునులో తొక్కిన కాళ్ళకి ఆ కొండ వేరే లోకం. వెళ్ళడం ఖాయమైతే ముందు ఒక ఆదివారం మారేడుమిల్లి ఘాట్‌లో రెండుసార్లు ఎక్కి దిగి చూడండి. దిగేటప్పుడు బ్రేకులు ముఖ్యం. మీ బ్రేకు సంగతికి మళ్ళీ వస్తాను.

ఇంతకీ మీ ఆశ పిచ్చిది కాదు. ఆషాఢంలో కొత్తల్లుడు అత్తారింటికి వెళ్ళకూడదన్నారు గానీ ఆల్ప్స్‌కి వెళ్ళకూడదని ఎవరూ అనలేదు. ఇంట్లో ఎవరూ మిమ్మల్ని వద్దనలేదని గమనించారా? మీ ఆవిడ వద్దనలేదు, నాన్నగారు వద్దనలేదు. మరి మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం మీరే రెండో పేజీలో ఒక్క వాక్యంలో రాసి, గబగబా దాటేశారు: "లక్షలోపే అని చెప్పాను".

లెక్కల మాస్టారు, రెండున్నరని ఒకటి చేసి చెప్పారు. ఈ ప్రశ్న ఏ దారిన తేలినా ఆ మాట సరిచేసుకోవాల్సిందే. చీటీ పాడుకోకముందే, పాప నిద్రపోయాక, జర్మనీ ఆయన పంపిన లెక్క కాగితం ఆవిడ ముందు పెట్టి, "తక్కువ చేసి చెప్పాను, ఇదీ అసలు లెక్క" అనండి. ఎందుకు తక్కువ చేశారో కూడా చెప్పండి. గట్టు మీద ఫోన్ పట్టుకుని నిలబడ్డ ముచ్చట నాకు రాశారు గానీ ఆవిడకి చెప్పారో లేదో రాయలేదు. ఆ రాత్రి పాపని చంకనేసుకుని బల్ల మీద నిలబడ్డది ఆవిడే అయి ఉంటుంది. ఆవిడకి మేడ మీద గది అంటే ఏమిటో మీకూ తెలుసు. ఆ ఏడాది జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. 1986 తర్వాత అంత ఎత్తు చూడలేదు. లంకలో కాపురం చేసే మనిషి మేడ గది కావాలంటే దాన్ని షోకుల ఖర్చు కింద రాయలేం.

అందుకని గది డబ్బునీ ప్రయాణం డబ్బునీ ఒకే చీటీలోంచి తీసే ఆలోచన నాకు నచ్చలేదు. మీకు నచ్చిందేదో మీరే తేల్చుకోవాలి. నాకు కనపడే దారులు ఇవి.

గది ముందు వేయించి, ప్రయాణం ఇంకో ఏడాదికి వాయిదా వేయవచ్చు. అప్పుడు మీకు తప్పిపోయేది ఆ కొండ. అది ప్రతి ఏడాదీ రూటులో ఉండదు, 2018 తర్వాత మళ్ళీ 2022లోనే వచ్చింది. అయితే టూర్ అంటే ఆ ఒక్క కొండే కాదు. ఇటు ఆల్ప్స్, అటు పిరనీస్ ప్రతి ఏడాదీ ఉంటాయి. టూర్మలే కనుమ 1910 నుంచీ వస్తూ పోతూనే ఉంది. కొండ పేరు మీద పంతం వదిలేస్తే వాయిదా వల్ల పోయేది పెద్దగా లేదు. పోతే జర్మనీ స్నేహితుడి ఉత్సాహం పోవచ్చు, ఆయన ఉద్యోగం మారవచ్చు, మీ మోకాళ్ళు మారవచ్చు. అది మీరు తూచుకోవాల్సిన బరువు.

లేదా ఈ ఏడాదే, చిన్నదిగా. పారిస్ తీసేసి, జర్మనీలో తిరుగుళ్ళు తీసేసి, కొండ దగ్గర నాలుగైదు రాత్రులు మాత్రం ఉండి రావడం. విమానం ఖర్చు తగ్గదు, మిగిలినవి బాగా తగ్గుతాయి. ఆ తగ్గించిన లెక్కని మీ ఆవిడతో కలిసి కూర్చుని వేయండి. చీటీలోంచి ఎంత తీస్తారు, గది ఏ నెలలో మొదలుపెడతారు అన్నది ఆ కాగితం మీదే రాయండి. ఆవిడ "నేనూ వస్తాను" అంటే ఏమంటారో ముందే ఆలోచించుకుని కూర్చోండి. తొమ్మిదేళ్ళలో తిరుపతి, అన్నవరం తప్ప ఎక్కడికీ తీసుకెళ్ళలేదని మీరే రాశారు. స్నేహితుల ప్రయాణం స్నేహితులతోనే అని మీకు ఉంటే తప్పేమీ లేదు. కానీ ఆ మాట ముందే చెప్పాలి, టికెట్లు కొన్నాక చెప్పకూడదు.

మూడో దారి మీ నలుగురిలో ఎవరికీ తట్టినట్టు లేదు. మే నెల. ఇటలీలో జిరో అని ఇలాంటి రేసే జరుగుతుంది, మూడు వారాలు, అక్కడ పసుపుకి బదులు గులాబీ రంగు జెర్సీ. టూర్ 1903లో మొదలైతే ఇది 1909లో. రెండూ పత్రికల వాళ్ళు పేపరు అమ్ముకోవడానికి పెట్టిన పందేలే. ఆ పేపర్ల కాగితం రంగే జెర్సీలకి వచ్చింది. మే అయితే మీకు బడి సెలవులు. దాళ్వా కోతలు అయిపోయి ఉంటాయి, కాలువలు కట్టేసి ఉంటాయి, ఊడ్పులకి టైము ఉంటుంది, వరద భయం ఉండదు. జనం టూర్ కంటే తక్కువ. దీనికీ చిక్కులున్నాయి. మేలో ఆ కొండల మీద చలి, వాన, ఒక్కోసారి మంచు. 1988లో గావియా కనుమ మీద మంచు తుఫానులో తొక్కారు. ఒక్కోసారి కనుమ మూసేసి రూటు మార్చేస్తారు కూడా, మీరు అక్కడికి చేరాక. పైగా రాత్రిళ్ళు షాపు ముందు కూర్చుని మీరు చూసింది టూర్‌ని, జిరోని కాదు. ఆ పేరు మీద ఉన్న మనసు ఈ పేరు మీద ఉండకపోవచ్చు. అడిగి చూడండి.

జూలైలోనే అంటే మాత్రం రెండు పనులు ఇప్పుడే చేయాలి. ఒకటి బడి. బడులు తెరిచిన కొత్తలో వారం పది రోజుల సెలవు, దాని మీద విదేశానికి వెళ్ళడానికి శాఖ అనుమతి. ఆ కాగితం చేతికి రాకుండా టికెట్ కొనకండి. హెడ్‌మాస్టారికి నోటిమాటగా చెప్పాను, ఆయన సరేనన్నారు అన్నది అనుమతి కాదు. రెండోది నాన్నగారు. "ఎల్లిరారా" అన్న మనిషి ఊడ్పుల మాట ఎత్తడం మానేశారంటే, ఆయన మీ దారికి అడ్డం రాకుండా తప్పుకున్నారు. తండ్రులు అలాగే చేస్తారు, మా నాన్నా అంతే. ఆయన్ని అనుమతి అడగకండి, అది ఇచ్చేశారు. పని అడగండి. ఆకుమడి ఎప్పుడు పోస్తున్నాం, ఊడ్పులు ఏ వారంలో పడతాయి, కూలీలకి ఎవరు చెబుతారు, ఏరు పెరిగితే అమ్మనీ పాపనీ ఏ ఇంటికి తీసుకెళ్ళాలి, బండి ఎవరిది? ఇవి ఆయనతో కలిసి తేల్చండి. తేలకపోతే, లేదా ఈ మాటలు అంటుంటేనే మీకు కడుపులో తిప్పితే, అది కూడా జవాబే. 2022లో ఉన్నది గట్టు మీదే. ఈసారి ఏడున్నర వేల కిలోమీటర్ల అవతల ఉంటారు. వరద వచ్చినా రాకపోయినా ఫోన్ చూసుకుంటూనే ఉంటారు. అలా చూసుకుంటూ కూడా ఆ కొండ మీద నిలబడగలరా అన్నది మీకే తెలియాలి.

ఇప్పుడు మీ స్నేహితుడి సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే.

ఖాతాలో నాలుగు లక్షలు వేసి తీసేసుకునే ఆలోచన దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలిగ్గా తేల్చేయవచ్చు. వద్దు. వీసాకి కనీసం మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తారు. నెలకి ఇరవై వేలు తిరిగే ఖాతాలో ఒక్కసారిగా నాలుగు లక్షలు పడితే, అది ఎవరిదని అడగడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. వీసా రాకపోతే 90 యూరోల ఫీజు తిరిగి రాదు. అది చిన్న నష్టం. ఆ తిరస్కారం షెంగెన్ దేశాలన్నీ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) చూసే రికార్డులో అయిదేళ్ళు ఉంటుంది. ఉపాయం చెప్పింది కొబ్బరి వ్యాపారి, మచ్చ పడేది షాపాయన పేరు మీద. నలుగురిలో ఓర్చుకోగల స్తోమత తక్కువున్న మనిషి మీద పందెం కాయడం ఏం స్నేహం?

నిజం చెప్పి వెళ్ళే దారి ఉంది. ఖర్చు ఫలానా స్నేహితుడు పెట్టుకుంటున్నాడని ఆయన సంతకంతో ఉత్తరం, ఆయన ఆదాయం కాగితాలు, షాపు రిజిస్ట్రేషన్, షాపు ఖాతా, పన్ను రిటర్నులు ఉంటే అవి, తిరిగి రావడానికి ఇక్కడ కుటుంబం ఉందనడానికి ఆధారాలు. దీనితో వీసా వచ్చి తీరుతుందని చెప్పలేను. అన్నీ నిజమే రాసినా రాకపోవచ్చు. మీ ముగ్గురికీ వచ్చి ఆయనకి రాకపోతే ఏం చేస్తారు? ముగ్గురూ వెళ్తారా, మానేస్తారా? ఈ ప్రశ్న ఇప్పుడే మాట్లాడుకోండి. విమానాశ్రయానికి వెళ్ళే వారంలో మాట్లాడితే ఏ జవాబైనా తప్పే అవుతుంది. ఇంకో చిన్న విషయం. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశం వీసాకే పెట్టుకోవాలి. జర్మనీలో ఎనిమిది రోజులు, ఫ్రాన్స్‌లో అయిదు అంటే అది ఫ్రాన్స్ అప్లికేషన్ కాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, వేసవికి అందరూ ఎగబడతారు, కాబట్టి ఆలస్యం చేయకండి. 30,000 యూరోల వైద్య ఇన్సూరెన్స్ తప్పనిసరి. వీసా రాకముందు రద్దు చేసుకోలేని టికెట్ కొనకండి.

కాగితాల సంగతి అయింది. మీరు "ఎలా ఒప్పించాలి" అని అడిగారు. ఆయన్ని ఎవరైనా అడిగారా అసలు? "వాడి ఖర్చు నాది" అన్నది ప్రేమతోనే అన్నారు జర్మనీ ఆయన, నాకు సందేహం లేదు. కానీ నలుగురు చూసే గ్రూపులో, ఆయన్ని అడగకుండా అన్నారు. మీకు కొండలన్నీ చూపించినవాడు, ఏ రైడర్ ఎవరి కోసం తొక్కుతున్నాడో చెప్పినవాడు, ఒక్క మెసేజ్‌తో "వాడి ఖర్చు" అయిపోయాడు. టూర్‌లో జట్టుకి ఎనిమిది మంది. అందులో వెనక్కి వెళ్ళి కారు దగ్గర నీళ్ళ సీసాలు తెచ్చి నాయకుడికి ఇచ్చేవాళ్ళు ఉంటారు, వాళ్ళని దొమెస్తీక్ అంటారు, ఆ మాటకి పనివాడు అని అర్థం. ఇది మీకు ఆయనే చెప్పి ఉంటారు. వాళ్ళకి దానికి జీతం ఉంది, గెలిచినవాడి 5 లక్షల యూరోల బహుమతి జట్టంతా పంచుకునే ఆనవాయితీ ఉంది. మీ స్నేహితుడికి ఈ ప్రయాణంలో ఏ చోటు ఇస్తున్నారో ఒకసారి చూసుకోండి. సైకిళ్ళు బాగుచేస్తాడులే, ఖర్చుకి సరిపోతుందిలే అని మీలో ఎవరైనా అంటే, ఆ మాట ఆయన చెవిన పడకుండా అక్కడే ఆపండి.

ఆయన మౌనానికి డబ్బే కారణమని మీరందరూ అనుకుంటున్నారు. కావచ్చు. షాపు మూస్తే పూట గడవని భయం కావచ్చు. ఇంట్లో ఎవరికో బాగుండకపోవచ్చు. టీవీలో చూస్తేనే చాలు అనుకునే మనిషి కావచ్చు, అలాంటివాళ్ళూ ఉంటారు. అడిగితే గానీ తెలియదు. అడిగాక మూడు రకాలుగా తేలవచ్చు. సరే, జర్మనీ వాడి డబ్బుతో వస్తానంటే, అది అప్పా, కానుకా అన్నది వాళ్ళిద్దరూ తేల్చుకోవాలి, మధ్యలో మీరు లెక్కలు వేయకండి. సొంత డబ్బుతో అయితేనే వస్తానంటే, వాయిదా ఒక్కటే దారి. నలుగురూ ఒకే మొత్తం వేసే చీటీ ఇప్పుడే మొదలుపెట్టి, అది నిండిన ఏడాది, ఆ డబ్బుకి సరిపోయేంత ప్రయాణమే వెళ్ళాలి. మీ ఆవిడ గదికీ అప్పుడు గడువు దొరుకుతుంది. నేను రానంటే, రానివ్వండి. "నువ్వు లేకపోతే మేమూ వెళ్ళం" అని ఆయన మెడకి ఇంకో బరువు కట్టకండి. వెళ్ళేవాళ్ళు వెళ్ళి, స్టేజి అయ్యాక ఫోన్ చేయండి. అక్కడ సాయంత్రం అయిదున్నర అంటే ఇక్కడ రాత్రి తొమ్మిది, ఆయన షాపు ముందు మంచం వేసుకుని చూస్తూనే ఉంటారు. మీరు రోడ్డు పక్కన నిలబడి చూసినదానికంటే రేసు ఆయనకే ఎక్కువ తెలిసి ఉంటుంది. ఎవరు గెలిచారో మీరే ఆయన్ని అడగాల్సి వస్తుంది. నాకూ 2018లో ఆ రోజు ఇటలీ రైడర్ నిబాలి జనం మధ్య కిందపడ్డాడని, వెన్నుపూస విరిగిందని గదికి వచ్చాక టీవీలో చూస్తే గానీ తెలియలేదు.

గ్రూపులో ఇంకేమీ రాయకండి. కొబ్బరి వ్యాపారిని వెంటబెట్టుకునీ వెళ్ళకండి. మీ సైకిల్ వెనక బ్రేకు కీచుమంటోందన్నారు కదా, రేపు సాయంత్రం బడి అయ్యాక దాన్ని తొక్కుకుంటూ ఆయన షాపుకి వెళ్ళండి. బల్ల మీద కూర్చోండి. మూడు వారాలు ఎందుకు తేలేదురా అని తిడతారు, తిట్టించుకోండి. ఫ్రాన్స్ మాట ఆయన ఎత్తేదాకా మీరు ఎత్తకండి. ఆ రోజు ఎత్తకపోతే, బ్రేకు డబ్బులు ఇచ్చేసి, పొద్దున్న అయిదింటికి వస్తున్నావా అని అడిగి వచ్చేయండి.